మోకాలి లిగమెంట్ తెగిందా? ఆపరేషన్ ఎవరికి తప్పదు.. ఎవరికి అక్కర్లేదు? సర్జరీలో అసలేం చేస్తారంటే..

కబడ్డీ కోర్టులో రైడ్‌కు వెళ్లిన కుర్రాడు ఒక్కసారిగా వెనక్కి తిరుగుతాడు. పాదం మట్టిలో అలాగే ఉండిపోతుంది, ఒళ్లు మాత్రం తిరుగుతుంది. మోకాలి లోపల ‘టప్’మని శబ్దం. అంతే.. కాలు పట్టుకుని కూలబడిపోతాడు. సాయంత్రానికి మోకాలు బంతిలా వాచిపోతుంది. రెండు మూడు రోజుల తర్వాత ఎంఆర్‌ఐ రిపోర్ట్ చేతికొస్తుంది. అందులో ‘ఏసీఎల్ కంప్లీట్ టియర్’ అని రాసి ఉంటుంది.

ఇక అక్కడి నుంచి ఇంట్లో చర్చ మొదలు. వెంటనే ఆపరేషన్ చేయించేద్దాం అని ఒకరంటారు. కత్తి పడితే కాలు మునుపటిలా ఉండదని ఇంకొకరు భయపెడతారు. కట్టు కట్టిస్తే అదే అతుక్కుంటుందని పక్కింటాయన సలహా. మరి ఇందులో ఏది నిజం? లిగమెంట్ తెగిన ప్రతి ఒక్కరికీ ఆపరేషన్ అవసరమా? అవసరమైతే ఏ ఆపరేషన్? ఎప్పుడు చేయించుకోవాలి? ఆ తర్వాత మళ్లీ పరుగెత్తడానికి ఎన్ని నెలలు పడుతుంది? ఒక్కొక్కటిగా చూద్దాం.

పేరు ఒకటే.. దెబ్బలు వేరు

ముందుగా ముగ్గురు ఆటగాళ్ల సంగతి చూడండి. న్యూజిలాండ్ స్టార్ కేన్ విలియమ్సన్ 2023 మార్చి 31న ఐపీఎల్ తొలి మ్యాచ్‌లో బౌండరీ దగ్గర బంతి ఆపబోయి కుడి మోకాలి ఏసీఎల్ తెంచుకున్నాడు. సర్జరీ చేయించుకుని అక్టోబర్ 13న వరల్డ్ కప్ మ్యాచ్ ఆడాడు. అంటే ఆరున్నర నెలలు. బ్రెజిల్ ఫుట్‌బాల్ స్టార్ నెయ్‌మార్‌కు 2023 అక్టోబర్‌లో ఎడమ మోకాలి ఏసీఎల్‌తో పాటు మెనిస్కస్ కూడా దెబ్బతింది. తిరిగి మైదానంలోకి రావడానికి ఏడాది పట్టింది. 2022 డిసెంబర్ 30న ఉత్తరాఖండ్‌లోని రూర్కీ దగ్గర కారు ప్రమాదంలో గాయపడ్డ రిషబ్ పంత్‌కు మోకాల్లో ఒకటికి మించి లిగమెంట్లు తెగాయి. ముంబైలో సర్జరీ అయ్యాక అతడు మళ్లీ ఐపీఎల్‌లో బ్యాట్ పట్టింది 2024 మార్చిలో. దాదాపు 15 నెలలు!

ముగ్గురికీ వార్తల్లో వచ్చిన మాట ఒకటే.. ‘మోకాలి లిగమెంట్ గాయం’. కానీ ఏది తెగింది, ఎన్ని తెగాయి, పక్కన ఇంకేం దెబ్బతిన్నాయి అన్నదాన్ని బట్టి చికిత్స, కోలుకునే సమయం పూర్తిగా మారిపోతాయి. అందుకే ‘మా బావకు మూడు నెలల్లో తగ్గిపోయింది’ అనే పోలికలు ఇక్కడ పనికిరావు.

మోకాలిని పట్టి ఉంచే నాలుగు తాళ్లు

తొడ ఎముక, దాని కింద ముంగాలి ఎముక.. ఈ రెండింటినీ పట్టి ఉంచే గట్టి తాళ్ల లాంటివే లిగమెంట్లు. ముఖ్యమైనవి నాలుగు.

ఏసీఎల్: మోకాలి మధ్యలో ఏటవాలుగా ఉంటుంది. పొడవు సుమారు మూడు సెంటీమీటర్లే. ముంగాలి ఎముక ముందుకు జారిపోకుండా, మోకాలు మెలితిరగకుండా ఆపేది ఇదే. ఆటల్లో ఎక్కువగా తెగేది కూడా ఇదే.

పీసీఎల్: ఏసీఎల్ వెనకాలే, దాంతో కత్తెర వేసినట్టు ఉంటుంది. ముంగాలి ఎముక వెనక్కి పోకుండా చూస్తుంది. కారు డ్యాష్‌బోర్డుకు మోకాలు గుద్దుకున్నప్పుడు, బైక్ మీద నుంచి మోకాలి మీదే పడినప్పుడు దెబ్బతింటుంది.

ఎంసీఎల్: మోకాలి లోపలివైపు ఉంటుంది. ఎవరైనా బయటివైపు నుంచి వచ్చి మోకాలిని గుద్దితే సాగిపోతుంది, లేదా తెగుతుంది.

ఎల్‌సీఎల్: మోకాలి బయటివైపు ఉంటుంది. ఇది ఒక్కటే తెగడం తక్కువ. చుట్టుపక్కల ఉన్న వాటితో కలిసి దెబ్బతినడమే ఎక్కువ.

వీటితో పాటు మెనిస్కస్ అనే మరో మాట కూడా రిపోర్టులో కనిపిస్తుంది. ఇది లిగమెంట్ కాదు. రెండు ఎముకల మధ్య నెలవంక ఆకారంలో ఉండే మెత్తటి కుషన్. ఒక్కో మోకాలికి రెండు ఉంటాయి. ఈ కుషన్ సంగతి గుర్తుపెట్టుకోండి. ఆపరేషన్ చేయాలా వద్దా అన్న నిర్ణయంలో దీని పాత్ర చాలా పెద్దది.

మొదటి రోజు ఏం చేయాలి? ఏం చేయకూడదు?

దెబ్బ తగిలిన కొన్ని గంటల్లోనే మోకాలు బాగా వాచిందంటే లోపల రక్తం చేరిందని అనుమానించాలి. ఆట ఆపేయాలి. కాలు కాస్త ఎత్తులో పెట్టి, గుడ్డలో చుట్టిన ఐస్‌తో పదిహేను, ఇరవై నిమిషాల చొప్పున కాపడం పెట్టాలి. క్రేప్ బ్యాండేజ్ మరీ బిగుతుగా కాకుండా చుట్టాలి. వేడి కాపడం, నూనె మర్దన, ‘మెలిక సరిచేస్తా’ అంటూ కాలు గుంజడం.. ఇవేవీ వద్దు. లోపల ఎముక విరిగి ఉంటే అలా గుంజడం వల్ల ఇంకా ప్రమాదం.

అన్నిటికంటే ముఖ్యమైన మాట ఒకటుంది. యాక్సిడెంట్‌లో మోకాలు వంకర పోయినట్టు కనిపించినా, పాదం చల్లబడినా, పాలిపోయినా, పాదం పైకి లేపలేకపోయినా అది అత్యవసర పరిస్థితే. మోకాలి వెనక నుంచి పాదానికి వెళ్లే పెద్ద రక్తనాళం నలిగి ఉండొచ్చు. సుమారు ఆరు గంటల్లోగా రక్తప్రసరణ తిరిగి మొదలుకాకపోతే కాలే పోయే ప్రమాదం ఉంది. ఒక్కోసారి తప్పిన కీలు తనంతట తానే లోపలికి సర్దుకుంటుంది. పైకి మామూలుగానే కనిపిస్తుంది. అలాంటప్పుడు కట్టు వైద్యం అనో, పొద్దున్నే చూద్దామనో ఆగితే జరగాల్సిన నష్టం జరిగిపోతుంది. వెంటనే 108కు ఫోన్ చేసి, రక్తనాళాల సర్జన్ ఉన్న పెద్దాసుపత్రికి తీసుకెళ్లాలి.

రిపోర్ట్ ఒక్కటే చాలదు

ఎంఆర్‌ఐలో ‘టియర్’ అని ఉంది కాబట్టి ఆపరేషనే.. అని చాలామంది డిసైడైపోతారు. కానీ ఆర్థోపెడిక్ డాక్టర్లు ముందు చూసేది చేత్తోనే. మోకాలిని కొద్దిగా వంచి, ముంగాలి ఎముకను ముందుకు లాగి చూస్తారు. దీన్ని లాక్‌మన్ టెస్ట్ అంటారు. బాగున్న కాలితో పోలిస్తే ఎంత జారుతోంది, ఎక్కడో ఒకచోట గట్టిగా ఆగుతోందా లేదా అన్నది తెలుస్తుంది. వాపు, నొప్పి ఉన్నప్పుడు కండరాలు బిగుసుకుపోయి ఈ పరీక్షలో సరిగ్గా తెలియదు. అందుకే వారం, పది రోజుల తర్వాత మళ్లీ రమ్మంటారు. ఎముక విరిగిందేమో చూడటానికి ఎక్స్‌రే, లోపలి లిగమెంట్లు, మెనిస్కస్ కోసం ఎంఆర్‌ఐ తీయిస్తారు.

గాయాన్ని మూడు గ్రేడ్లుగా చెబుతారు. గ్రేడ్ 1 అంటే లిగమెంట్ సాగింది. గ్రేడ్ 2 అంటే కొంత తెగింది. గ్రేడ్ 3 అంటే పూర్తిగా తెగిపోయింది. మొదటి రెండు గ్రేడ్లలో చాలామందికి కత్తి అవసరం పడదు. అసలు ప్రశ్నంతా మూడో గ్రేడ్ దగ్గరే.

పూర్తిగా తెగినా ఆపరేషన్ లేకుండా ఉండొచ్చా?

కొంతమంది ఉండగలరు. దీనిపై పెద్ద పరిశోధనలే జరిగాయి.

స్వీడన్‌లో 18 నుంచి 35 ఏళ్ల మధ్య ఉన్న 121 మందిని రెండు గ్రూపులుగా చేశారు. ఒక గ్రూపుకు త్వరగా ఏసీఎల్ సర్జరీ, ఆ తర్వాత ఫిజియోథెరపీ. రెండో గ్రూపుకు ముందు ఫిజియోథెరపీ, అయినా మోకాలు నిలబడకపోతేనే సర్జరీ. 2010లో రెండేళ్ల ఫలితాలు, 2013లో ఐదేళ్ల ఫలితాలు వచ్చాయి. నొప్పి, పనులు చేసుకోవడం, ఆటలు.. ఈ లెక్కల్లో రెండు గ్రూపులకూ చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. రెండో గ్రూపులో ఐదేళ్లకు దాదాపు సగం మంది సర్జరీ చేయించుకున్నారు. మిగతా సగం మందికి ఆ అవసరమే రాలేదు.

అయితే కథ అక్కడితో అయిపోలేదు. బ్రిటన్‌లో గాయమై చాలాకాలమైనా మోకాలు ఇంకా పట్టు తప్పుతున్న 316 మందిపై చేసిన అధ్యయనం 2022లో వచ్చింది. అందులో సర్జరీ గ్రూపుకే మెరుగైన ఫలితం కనిపించింది. ఫిజియోథెరపీ గ్రూపులో 41 శాతం మంది ఏడాదిన్నరలోపు సర్జరీకే వెళ్లారు.

రెండింటినీ కలిపి చదివితే సామాన్యుడికి అర్థమయ్యేది ఇదీ.. కొత్తగా దెబ్బ తగిలిన చాలామంది ముందు మూడు నెలలు గట్టిగా వ్యాయామం చేసి చూడొచ్చు. కానీ నెలలు గడిచినా మోకాలు ‘పట్టు తప్పి’ మడతపడుతూ ఉంటే ఇంకా ఎదురుచూడటంలో లాభం లేదు.

ఎందుకంటే మోకాలు పట్టు తప్పిన ప్రతిసారీ లోపలి మెనిస్కస్ కుషన్ నలుగుతుంది. అది చిరిగితే, దాని కింద ఎముక చివర ఉండే నున్నటి గుజ్జు అరగడం మొదలవుతుంది. ముప్పై ఏళ్లకు తెగిన లిగమెంట్‌ను నిర్లక్ష్యం చేస్తే, నలభై దాటాక మోకాలి అరుగుదలతో డాక్టర్ దగ్గరికి వెళ్లాల్సి రావొచ్చు.

ఎవరికి సర్జరీ మంచిది?

కబడ్డీ, ఫుట్‌బాల్, బ్యాడ్మింటన్, బాస్కెట్‌బాల్ లాంటి ఆటలకు తిరిగి వెళ్లాలనుకునేవాళ్లు మొదటి వరసలో ఉంటారు. ఈ ఆటల్లో ఒక్కసారిగా ఆగడం, తిరగడం, ఎగిరి దిగడం ఉంటాయి. పోలీసు, ఆర్మీ ఉద్యోగాలు చేసేవాళ్లు, నిచ్చెనలు, కొబ్బరి చెట్లు, తాటి చెట్లు ఎక్కేవాళ్లు, గట్ల మీద బరువులు మోసేవాళ్లు కూడా ఇదే వరసలోకి వస్తారు. మామూలు నడకలో, మెట్లు దిగేటప్పుడు కూడా మోకాలు జారేవాళ్లకు, ఏసీఎల్‌తో పాటు కుట్టడానికి వీలైన మెనిస్కస్ చిరుగు ఉన్నవాళ్లకు, ఒకటికి మించి లిగమెంట్లు తెగినవాళ్లకు సర్జరీనే సూచిస్తారు.

మరోవైపు.. ఆఫీసు పని, నడక, సైకిల్, ఈత, జిమ్‌లో నేరుగా చేసే వ్యాయామాలతో సరిపెట్టుకోగలిగినవాళ్లు, మోకాలు జారనివాళ్లు ఆపరేషన్ లేకుండానే కొనసాగవచ్చు. అప్పటికే మోకాలు బాగా అరిగిపోయిన పెద్దవయసువాళ్లకు ఏసీఎల్ సర్జరీతో పెద్దగా ఉపయోగం ఉండదు. అయితే వయసు ఒక్కటే కొలమానం కాదు. యాభై ఏళ్లొచ్చినా రోజూ షటిల్ ఆడే వ్యక్తికి, మోకాలు బాగుంటే సర్జరీ చేస్తారు.

ఏసీఎల్ లేకుండానే అమెరికన్ ఫుట్‌బాల్ ఆడిన హైన్స్ వార్డ్ పేరు ఇక్కడ కొందరు చెబుతుంటారు. నిజమే, చిన్నప్పుడే ఎడమ మోకాల్లో ఏసీఎల్ పోయినా అతడు సూపర్ బౌల్‌లో ఉత్తమ ఆటగాడిగా నిలిచాడు. కానీ అలాంటివాళ్లు అరుదు. అతడికి కుదిరింది కాబట్టి మనకూ కుదురుతుందని కోర్టులోకి దిగితే నష్టపోయేది మన మెనిస్కసే.

తెగిన తాడును కుట్టేయొచ్చు కదా?

చాలామందికి వచ్చే డౌటే ఇది. చర్మం తెగితే రక్తం గడ్డకట్టి, దాని మీదుగా గాయం మానుతుంది. ఏసీఎల్ ఉండేది కీలు లోపల, జిగురు ద్రవం మధ్యలో. అక్కడ తెగిన రెండు కొసల మధ్య రక్తం గడ్డగా నిలబడదు. వంతెన లేని ఏటిలా ఆ కొసలు విడివిడిగానే ఉండిపోతాయి. పాత రోజుల్లో కుట్లు వేసి చూశారు. చాలా కేసుల్లో మళ్లీ తెగిపోవడంతో ఆ పద్ధతిని దాదాపు వదిలేశారు.

అందుకే ఇప్పుడు ఎక్కువగా చేసేది ‘రీకన్‌స్ట్రక్షన్’. అంటే తెగిన లిగమెంట్ స్థానంలో శరీరంలోని వేరే చోటి నుంచి తీసిన టెండాన్‌ను కొత్త తాడుగా అమర్చడం. కండరాన్ని ఎముకకు పట్టి ఉంచే గట్టి నరంలాంటి భాగమే టెండాన్. ఇలా అమర్చే తాడును గ్రాఫ్ట్ అంటారు.

ఇప్పుడు కుట్టే పద్ధతి కొత్త రూపంలో మళ్లీ వస్తోంది. లిగమెంట్ మధ్యలో కాకుండా, తొడ ఎముక దగ్గర కొసకు ఊడిపోతే కొందరికి తిరిగి అక్కడే బిగిస్తున్నారు. అమెరికాలోని బోస్టన్ చిల్డ్రన్స్ హాస్పిటల్‌లో డాక్టర్ మార్తా మర్రే బృందం తెగిన కొసల మధ్య స్పాంజి లాంటి పదార్థం పెట్టి, దాన్ని రోగి రక్తంతోనే తడిపే ‘బేర్’ పద్ధతిని తయారుచేసింది. దీనికి 2020 డిసెంబర్‌లో అమెరికా ఎఫ్‌డీఏ అనుమతి ఇచ్చింది. అయితే గాయమైన తొలి వారాల్లోనే చేయాలి, తెగిన కొస కొంత మిగిలి ఉండాలి. అందరికీ సరిపోయే పద్ధతి కాదన్నమాట.

కొత్త తాడు ఎక్కడి నుంచి తీస్తారు?

సర్జరీకి ముందు డాక్టర్‌తో తప్పకుండా మాట్లాడాల్సిన విషయం ఇది. ఒక్కోదానికి ఒక్కో లాభం, ఒక్కో ఇబ్బంది.

హ్యామ్‌స్ట్రింగ్: తొడ వెనక కండరాల టెండాన్. చిన్న గాటుతోనే తీస్తారు. మోకాలి ముందు నొప్పి తక్కువ. మన దగ్గర బాగా వాడుకలో ఉన్నది ఇదే. మోకాలిని పూర్తిగా మడిచేటప్పుడు కొంత బలం తగ్గొచ్చు. స్ప్రింటర్లు ఈ విషయం డాక్టర్‌తో చర్చించాలి.

పటెల్లర్ టెండాన్: మోకాలి చిప్ప కింద ఉండే తాడులో మధ్య భాగం. రెండు కొసలా చిన్న ఎముక ముక్కలతో సహా తీస్తారు. ఎముకకు ఎముక అతుక్కుంటుంది కాబట్టి త్వరగా, గట్టిగా పట్టుకుంటుంది. చాలామంది ప్రొఫెషనల్ ఆటగాళ్లకు ఇదే వాడతారు. కానీ మోకాలి ముందు నొప్పి, మోకాళ్ల మీద కూర్చుంటే ఇబ్బంది ఉండొచ్చు. రోజూ నమాజ్ చేసేవాళ్లు, వజ్రాసనం వేసేవాళ్లు, మోకాళ్ల మీద ప్రార్థన చేసేవాళ్లు, నేల మీద పనిచేసే టైల్స్ మేస్త్రీలు, ఎలక్ట్రీషియన్లు ఈ సంగతి సర్జన్‌కు ముందే చెప్పాలి. డాక్టర్ అడగలేదు కదా అని ఊరుకోవద్దు.

క్వాడ్రిసెప్స్ టెండాన్: చిప్ప పైభాగం నుంచి తీస్తారు. మందంగా, బలంగా ఉంటుంది. ఈమధ్య వాడకం పెరుగుతోంది. తొడ ముందు కండరం మళ్లీ బలపడటానికి ఎక్కువ కష్టపడాలి.

పెరోనియస్ లాంగస్: చీలమండ బయటివైపు నుంచి వెళ్లే టెండాన్. మోకాలి చుట్టూ ఉన్న కండరాలను కదపకుండా తీయొచ్చు. భారత్‌లో చాలామంది సర్జన్లు వాడుతున్నారు, ముఖ్యంగా ఒకటికి మించి లిగమెంట్లు తెగినప్పుడు.

దాత గ్రాఫ్ట్: చనిపోయిన దాత నుంచి సేకరించి, శుద్ధి చేసి భద్రపరిచిన టెండాన్. సొంత శరీరంలో ఇంకోచోట గాటు పడదు. అయితే ఆటలాడే కుర్రవాళ్లలో ఇది మళ్లీ తెగే అవకాశం సొంత టెండాన్ కంటే చాలా ఎక్కువ. అందుకే వాళ్లకు సాధారణంగా వద్దంటారు.

ఆపరేషన్ థియేటర్‌లో ఏం జరుగుతుంది?

నడుముకు మత్తు ఇంజెక్షన్ ఇస్తారు, లేదంటే పూర్తి మత్తు. మోకాలికి రెండు మూడు చిన్న రంధ్రాలు చేసి, ఒకదానిలోంచి కెమెరా పంపిస్తారు. ఇదే ఆర్థ్రోస్కోపీ, జనం భాషలో కీహోల్ సర్జరీ. తెగిన పీచులు శుభ్రం చేసి, మెనిస్కస్‌కు దెబ్బ ఉంటే ముందు దాన్ని చూస్తారు. వీలైతే కుట్టేస్తారు, వీలుకాకపోతే చిరిగినంత వరకే తీసేస్తారు. ఆ తర్వాత తొడ ఎముకలో ఒకటి, ముంగాలి ఎముకలో ఒకటి సొరంగాలు చేసి, పాత ఏసీఎల్ దారిలోనే కొత్త తాడును లాగుతారు. పైన చిన్న లోహపు బటన్, కింద స్క్రూతో బిగించడం ఎక్కువగా కనిపించే పద్ధతి. మొత్తం గంట నుంచి రెండు గంటలు పడుతుంది. బటన్, స్క్రూలను సాధారణంగా తీయాల్సిన పనిలేదు.

మళ్లీ తెగే ముప్పు ఎక్కువ ఉన్న కుర్రవాళ్లకు కొందరు సర్జన్లు మోకాలి బయటివైపు అదనంగా ఒక పట్టీ బిగిస్తున్నారు. 14 నుంచి 25 ఏళ్ల వయసున్న 618 మందిపై కెనడా, యూరప్ ఆసుపత్రుల్లో చేసిన అధ్యయనం ఫలితాలు 2020లో వచ్చాయి. హ్యామ్‌స్ట్రింగ్ గ్రాఫ్ట్ మాత్రమే వేసినవాళ్లలో రెండేళ్లలో 11 శాతం మందికి అది మళ్లీ తెగింది. బయటి పట్టీ కూడా వేసినవాళ్లలో అది 4 శాతమే.

వెంటనే చేయించుకోవాలా? కొన్నాళ్లు ఆగాలా?

ఏసీఎల్ ఒక్కటే తెగితే అర్ధరాత్రి పరుగులు పెట్టాల్సిన పనిలేదు. వాపు తగ్గాలి, మోకాలు పూర్తిగా చాపగలగాలి, తొడ కండరం పనిచేయడం మొదలుపెట్టాలి. దీనికి సాధారణంగా కొన్ని వారాలు పడుతుంది. వాచి, బిగుసుకుపోయిన మోకాలికి తొందరపడి సర్జరీ చేస్తే, తర్వాత కీలు పట్టుకుపోయే ప్రమాదం ఎక్కువ. ఈ వారాల్లో చేసే వ్యాయామాలు ఆపరేషన్ తర్వాత కోలుకోవడానికి పెట్టుబడి లాంటివి.

అయితే ఆగకూడని సందర్భాలూ ఉన్నాయి. మెనిస్కస్ చిరిగి కీలు మధ్యలో ఇరుక్కుపోయి మోకాలు చాపలేకపోతే త్వరగా చేయాలి. మోకాలి బయటివైపు, వెనకవైపు లిగమెంట్లు పూర్తిగా తెగితే మొదటి రెండు మూడు వారాల్లో చేస్తేనే వాటిని కుట్టే వీలుంటుంది. రక్తనాళం దెబ్బతింటే గంటల్లోనే.

మిగతా మూడు లిగమెంట్ల సంగతేంటి?

ఎంసీఎల్‌కు కీలు బయట మంచి రక్తప్రసరణ ఉంటుంది. అందుకే పూర్తిగా తెగినా చాలాసార్లు బ్రేస్, వ్యాయామాలతోనే అతుక్కుంటుంది. పీసీఎల్ ఒక్కటే కొంత తెగితే, ముంగాలి ఎముక వెనక్కి జారకుండా ఆపే ప్రత్యేక బ్రేస్, తొడ ముందు కండరాల వ్యాయామంతో చాలామంది కోలుకుంటారు. పూర్తిగా తెగి మోకాలు నిలబడకపోతే దీనికీ రీకన్‌స్ట్రక్షన్ ఉంది. ఎముక ముక్కతో సహా ఊడి వస్తే దాన్ని స్క్రూతో తిరిగి బిగిస్తారు. ఎల్‌సీఎల్, దాని వెనక మూల పూర్తిగా దెబ్బతింటే మాత్రం ఎక్కువగా సర్జరీనే. దీన్ని వదిలేసి ఏసీఎల్ ఒక్కటే కడితే, బరువంతా కొత్త తాడు మీద పడి అది మళ్లీ తెగే ప్రమాదముంది. టూవీలర్ ప్రమాదాల్లో ఇలా రెండు, మూడు లిగమెంట్లు కలిసి తెగడం కనిపిస్తుంది. వీటిని ఒకేసారి చేయాలా, రెండు విడతలుగా చేయాలా అన్నది సర్జన్ నిర్ణయిస్తారు.

అసలు పరీక్ష ఆపరేషన్ తర్వాతే..

కుట్లు విప్పగానే అంతా అయిపోయిందనుకుంటారు. నిజానికి సగం పని అప్పుడే మొదలవుతుంది. అమర్చిన టెండాన్ రాత్రికి రాత్రి లిగమెంట్ అయిపోదు. మొదట బలహీనపడి, దానిలోకి కొత్తగా రక్తనాళాలు పెరిగి, నెలల తరబడి నెమ్మదిగా మారుతుంది. ఆరు నుంచి పన్నెండు వారాల మధ్య అది బాగా బలహీనంగా ఉంటుంది. విచిత్రం ఏంటంటే.. సరిగ్గా అదే సమయానికి నొప్పి తగ్గి, ‘నాకు బాగైపోయింది’ అనిపిస్తుంది. చాలామంది బైక్ కిక్ కొట్టేది, మెట్లు పరుగెత్తేది అప్పుడే!

మామూలుగా అయితే రెండు నుంచి నాలుగు వారాలు చంక కర్రలు ఉంటాయి. ఆఫీసు పనికి రెండు మూడు వారాల్లో వెళ్లొచ్చు. కుడికాలికి సర్జరీ అయితే కారు నడపడానికి నెల నుంచి నెలన్నర ఆగాలి. నేరుగా మెల్లగా పరుగెత్తడం మూడు, నాలుగు నెలల తర్వాతే. బాసింపట్టు వేసుకుని కూర్చోవడం, గొంతుక్కూర్చోవడం డాక్టర్ చెప్పేదాకా వద్దు. ఇంట్లో ఇండియన్ టాయిలెట్ మాత్రమే ఉంటే ఆపరేషన్‌కు ముందే కమోడ్ కుర్చీ ఏర్పాటు చేసుకోవాలి. మెనిస్కస్ కూడా కుట్టి ఉంటే ఈ గడువులన్నీ ఇంకా పెరుగుతాయి.

ఆటకు ఎప్పుడు వెళ్లాలి? నార్వే, అమెరికా పరిశోధకులు కలిసి చేసిన అధ్యయనం 2016లో వచ్చింది. తొమ్మిది నెలల దాకా, ఆట వాయిదా వేసిన ప్రతి నెలకూ మళ్లీ గాయపడే ముప్పు దాదాపు సగానికి తగ్గుతూ వచ్చిందని అందులో తేలింది. క్యాలెండర్‌తో పాటు కాలు కూడా సిద్ధమవ్వాలి. ఆపరేషన్ చేసిన కాలి బలం, ఒంటికాలి దూకుడు రెండో కాలిలో కనీసం 90 శాతానికి చేరాకే కోర్టులోకి దిగాలని ఫిజియోలు చెబుతారు. ఆరున్నర నెలల్లో వచ్చిన విలియమ్సన్ వెనక రోజంతా పనిచేసే ఫిజియో బృందం ఉంది. కాలేజీ కుర్రాడు అదే గడువు పెట్టుకోవడం ప్రమాదం.

రిస్కులు కూడా తెలుసుకోవాలి

ఇన్ఫెక్షన్, కాలి నరాల్లో రక్తం గడ్డకట్టడం, మోకాలు బిగుసుకుపోవడం, గాటు దగ్గర తిమ్మిరి.. ఇవి ఎక్కువమందికి రావు గానీ, రావని మాత్రం చెప్పలేం. జ్వరం, పిక్కలో నొప్పి, వాపు, గాటు నుంచి చీము కనిపిస్తే ఆగకుండా ఆసుపత్రికి వెళ్లాలి. ఊపిరి ఆడకపోయినా, ఛాతీలో నొప్పి వచ్చినా అది ఎమర్జెన్సీనే. వేలమంది రోగుల వివరాలను కలిపి చూసి 2014లో వేసిన లెక్క ప్రకారం, సర్జరీ తర్వాత ఏదో ఒక ఆటకు తిరిగి వెళ్లినవాళ్లు 81 శాతం. పోటీల స్థాయికి వెళ్లినవాళ్లు 55 శాతమే. ఇంకో సంగతి.. సర్జరీ చేయించుకున్నా, చేయించుకోకపోయినా ఏసీఎల్ తెగిన మోకాలికి ముందుముందు అరుగుదల వచ్చే అవకాశం మామూలు మోకాలి కంటే ఎక్కువే. తొడ కండరాలను బలంగా, బరువును అదుపులో ఉంచుకోవడం జీవితాంతం చేయాల్సిన పని.

అమ్మాయిల్లో ఏసీఎల్ తెగే ముప్పు ఇవే ఆటలాడే అబ్బాయిల కంటే ఎక్కువ. ఎగిరి దిగేటప్పుడు మోకాళ్లు లోపలికి వాలకుండా నేర్పే వార్మప్ వ్యాయామాలతో ఈ ముప్పు చాలా తగ్గుతుందని తేలింది. స్కూల్ పీఈటీలు రోజూ పదిహేను నిమిషాలు కేటాయిస్తే చాలు. ఇక ఎత్తు పెరిగే వయసు పిల్లల్లో ఎముక చివర పెరుగుదల భాగం ఉంటుంది. దానికి దెబ్బ తగలకుండా చేసే ప్రత్యేక పద్ధతులున్నాయి. అనుభవమున్న సర్జన్‌నే వెతుక్కోవాలి.

సంతకం పెట్టేముందు అడగాల్సిన ప్రశ్నలు

ఏ లిగమెంట్, ఎన్నో గ్రేడ్? మెనిస్కస్ ఎలా ఉంది? నా పనికి, నా ఆటకు సర్జరీ నిజంగా అవసరమా? మూడు నెలలు వ్యాయామం చేసి చూడొచ్చా? చూస్తే నష్టమేంటి? ఏ గ్రాఫ్ట్ వాడతారు, ఎందుకు? మీరు ఏడాదికి ఇలాంటివి ఎన్ని చేస్తారు? ఈ ప్రశ్నలు అడిగితే మంచి డాక్టర్ ఎవరూ విసుక్కోరు.

డబ్బు విషయం కూడా ముందే మాట్లాడుకోవాలి. ప్యాకేజీలో బటన్, స్క్రూ, బ్రేస్ ఖర్చు కలిపారా? మెనిస్కస్ కుట్టాల్సి వస్తే ఎంత పెరుగుతుంది? ఆరోగ్యశ్రీ, వైద్య సేవ కార్డున్నవాళ్లు తమ కేసు ఆ పథకంలోకి వస్తుందో లేదో నెట్‌వర్క్ ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్రను అడగాలి. ఇన్సూరెన్స్ ఉంటే ముందస్తు అనుమతి తీసుకోవాలి. ముఖ్యంగా ఆపరేషన్‌కు దాచిన డబ్బులోంచి ఫిజియోథెరపీకి కొంత పక్కన పెట్టాల్సిందే. ఆపరేషన్ రెండు గంటల్లో అయిపోతుంది గానీ, ఫిజియోథెరపీ నెలల తరబడి ఉంటుంది. ఊళ్లో ఫిజియో దొరక్కపోతే వ్యాయామాలు రాసిచ్చి, నేర్పి పంపమని అడగండి. నెలకోసారైనా చూపించుకోండి.

తెగిన లిగమెంట్ విషయంలో ఒకరికి సరైన నిర్ణయం ఇంకొకరికి తప్పు కావొచ్చు. నొప్పి తగ్గింది కదా అని జారే మోకాలితోనే ఏళ్లు నెట్టుకురావడం మాత్రం ఎవరికీ మంచిది కాదు. నడుస్తుంటే మోకాలు ఒక్కసారైనా పట్టు తప్పిందంటే, రెండోసారి తప్పేదాకా ఆగకుండా ఆర్థోపెడిక్ డాక్టర్‌కు చూపించుకోవాలి.